పొట్టివే గాని గట్టివి

1973 ఫోక్స్‌వ్యాగన్‌కు కలిసిరాలేదు. ఏళ్ల తరబడి కంపెనీని పోషించిన బీటిల్ ముసలిదైపోయింది. దాని స్థానంలోకి రావలసిన గోల్ఫ్ ఇంకా ఫ్యాక్టరీ గడప దాటలేదు. ఆ ఏడాదే ఆల్ఫోన్స్ లోవెన్‌బర్గ్ అనే టెస్ట్ ఇంజినీరు కొందరు తోటి ఉద్యోగులకు ఒక నోటు పంపాడు. మామూలు జనం కొనుక్కోగలిగే ఒక పరుగుల కారు మనమూ తయారుచేద్దామన్నది అందులోని మాట. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కొద్ది నెలలకే చమురు సంక్షోభం వచ్చిపడింది. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం కొన్ని ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదని నిషేధం పెట్టింది. వేగం అన్న మాటే ఎత్తకూడని రోజులవి.

అయినా లోవెన్‌బర్గ్ వదల్లేదు. ప్రచార విభాగం అధిపతి ఆంటన్ కొన్రాడ్ ఆయనకు తోడు నిలిచాడు. ఆఫీసులో ఈ పనికి పేరూ లేదు, బడ్జెట్టూ లేదు. అందుకని నలుగురైదుగురు ఇంజినీర్లు కొన్రాడ్ ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేవారు. షిరోకో కారు మీద చేసిన తొలి నమూనా మరీ మొరటుగా, చెవులు చిల్లులు పడేంత మోతతో తయారైంది. దాన్ని మెత్తబరిచి, గోల్ఫ్‌లోకి తెచ్చి, 1975 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో పెట్టారు. పేరు గోల్ఫ్ జీటీఐ. యాజమాన్యం అనుమతించింది 5,000 కార్లకే. తీరా చూస్తే ఆ మొదటి తరం ఒక్కటే 4 లక్షల 60 వేలకు పైగా అమ్ముడుపోయింది.

ఇంతకీ అందులో ఏముంది? మామూలు గోల్ఫ్‌లో 50 లేదా 70 హార్స్‌పవర్ ఇంజిన్లు ఉంటే, దీనికి 1.6 లీటర్ల ఇంజినుకు బాష్ కంపెనీ ఫ్యూయల్ ఇంజెక్షన్ తగిలించి 110 హార్స్‌పవర్ రాబట్టారు. ఈ రోజు ఆ అంకె ఎవరినీ ఆకట్టుకోదు. కానీ కారు బరువు సుమారు 810 కిలోలే. 9 సెకన్లకు కాస్త అటూ ఇటుగా 100 కిలోమీటర్ల వేగం అందుకునేది, గంటకు 182 కిలోమీటర్ల దాకా వెళ్లేది. వేగ పరిమితి లేని జర్మన్ హైవేల మీద ఎడమ లేను అప్పటిదాకా డబ్బున్నవాళ్ల పెద్ద సెడాన్లది. ఇప్పుడు వాళ్ల అద్దంలో ఒక చిన్న పెట్టె లాంటి కారు కనబడసాగింది, ముందు గ్రిల్ చుట్టూ సన్నని ఎర్ర గీతతో. సోమవారం పొద్దున అదే కారు పిల్లల్ని బడిలో దించేది. వెనక సీటు మడిచి, వెనక తలుపు పైకెత్తితే ఇంటికి కావలసిన సరుకంతా అందులో పట్టేది.

లోపలి అలంకరణలో రెండు విషయాలు ఇప్పటికీ జీటీఐ గుర్తులుగానే ఉన్నాయి: సీట్ల మీద స్కాట్లాండ్ గళ్ల బట్ట, గోల్ఫ్ బంతి ఆకారపు గేర్ నాబ్. ఈ రెండూ గున్‌హిల్డ్ లిల్యేక్విస్ట్ ఆలోచనలే. ఆమె పింగాణీ మీద బొమ్మలు వేయడం నేర్చుకుని, తర్వాత ఫోక్స్‌వ్యాగన్ రంగులు, బట్టల విభాగంలో చేరింది. ఇంజినీర్ల పేర్ల పక్కన ఆమె పేరు కూడా తప్పక చెప్పుకోవాలి. కారు ఎక్కగానే మనసుకు తగిలేవి ఆమె చేసినవే.

నిజానికి ఇలాంటి పరుగుల చిన్న కార్ల జాతికి గోల్ఫ్ మొదటిది కాదు. 1961లోనే జాన్ కూపర్ బ్రిటన్ మినీకి పదును పెట్టాడు. ఆ మినీ కూపర్లు 1964, 65, 67ల్లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాయి. 1966లో మొదటి మూడు స్థానాల్లోనూ వచ్చి, హెడ్‌లైట్ల నిబంధన పేరిట అనర్హతకు గురయ్యాయి. కాకపోతే మినీకి అద్దంతో సహా పైకి లేచే వెనక తలుపు లేదు కాబట్టి దాన్ని హ్యాచ్‌బ్యాక్ అనలేం. ఫ్రాన్స్‌లో సిమ్కా 1100 టీఐ 1973కే వచ్చింది. అన్ని పాళ్లూ సరిగ్గా కుదిరింది మాత్రం గోల్ఫ్‌కే.

ఆ పాళ్లను ఇంకో మెట్టు ఎక్కించింది పెజో 205 జీటీఐ. 1984లో వచ్చిన ఈ ఫ్రెంచి కారు బరువు 850 కిలోలు, బలం 105 హార్స్‌పవర్. తర్వాత 130 హార్స్‌పవర్‌తో 1.9 లీటర్ల రకమూ వచ్చింది. దీన్ని నడపడానికి చేతులతో పాటు ధైర్యమూ కావాలి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికపడి పక్కకు జారతాయి. తెలియనివాడిని ఆ గుణం పొలంలోకి నెట్టేది. తెలిసినవాడికి అదే మలుపు తిరగడానికి రెండో స్టీరింగు. బ్రిటన్‌కు చెందిన కార్ పత్రిక దీన్ని ఆ దశాబ్దపు కారుగా ఎంచింది.

అదే రోజుల్లో ర్యాలీల్లో 205 టర్బో 16 ఉరకలేస్తోంది. పైకి 205లాగే కనిపించినా, సీట్ల వెనక ఇంజిను, నాలుగు చక్రాలకూ శక్తి, రోడ్డు మీదికి 200 కార్లు మాత్రమే. జాన్ టోడ్ నాయకత్వంలో పెజో 1985, 86ల్లో ప్రపంచ ర్యాలీ టైటిళ్లు గెలిచింది. 1986 మేలో కోర్సికా ర్యాలీలో డ్రైవర్ హెన్రీ టొయ్‌వొనెన్, అతని సహచరుడు సెర్జియో క్రెస్టో మరణించాక ఇలాంటి కార్లు పోటీపడే గ్రూప్ బి తరగతినే ఎత్తేశారు. దాని చోట వచ్చిన గ్రూప్ ఎ నిబంధన ఇంకోలా ఉపయోగపడింది. పోటీకి దించాలంటే అలాంటి కార్లు 5,000 తయారుచేసి తీరాలి. అలా జనం చేతికి వచ్చిందే లాన్చియా డెల్టా ఇంటెగ్రాలె. 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరు టైటిళ్లు డెల్టావే. దాని ఒడ్డూ పొడవూ గీసినవాడు జోర్జెట్టో జుజారో, తొలి గోల్ఫ్‌ను గీసిన చెయ్యే.

మన రోడ్లకూ ఈ కథలో ఒక చుట్టరికం ఉంది. 1986లో మారుతి 800 కొత్త రూపం వేసుకుంది. ఆ రూపం జపాన్‌లోని రెండో తరం సుజుకి ఆల్టోది. మరుసటి ఏడాదే సుజుకి అదే ఆల్టోకు 543 సీసీ టర్బో ఇంజిను పెట్టి, ఆల్టో వర్క్స్ పేరుతో 64 హార్స్‌పవర్ కారును దించింది. జపాన్ బుల్లి కార్ల కంపెనీలన్నీ అక్కడితో ఆగుదామని ఒప్పుకున్నాయి. ఆ 64 గీత ఇప్పటికీ చెరగలేదు. ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా డాక్టర్లనూ లెక్చరర్లనూ మోసిన ఆనాటి 800 బలం 40 హార్స్‌పవర్ కూడా లేదు. దాని సొంత అన్న మాత్రం జపాన్‌లో పందెం గుర్రం.

1990ల మొదట్లో బ్రిటన్‌లో జీటీఐ లాంటి కార్లకు గడ్డుకాలం వచ్చింది. తాళాలు బలహీనం, ఇమ్మొబిలైజర్లు లేవు, జనానికి మోజు ఎక్కువ. కుర్రాళ్లు రాత్రిపూట దొంగిలించి, వీధుల్లో తిప్పి, తగలబెట్టి పోయేవారు. 1992లో దీనికోసమే ప్రత్యేక చట్టం తెచ్చారు. ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. పాతికేళ్ల లోపు కుర్రాడికి కారు కొనడం కంటే ఇన్సూరెన్స్ కట్టడమే కష్టమైంది. గుద్దుకున్నవి, తుప్పుపట్టినవి, చవకగా చేతులు మారి చెడగొట్టినవి పోను మిగిలినవి కొన్నే. అందుకే ఇప్పుడు శుభ్రంగా ఉన్న 205 జీటీఐ వేలానికి వస్తే పోటీ పడతారు.

అభిమానం మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. ఆస్ట్రియాలోని వ్యోర్తర్ సరస్సు ఒడ్డున 1982 నుంచి జీటీఐ యజమానులు ఏటా కలిసేవారు. 1987లో అక్కడి రైఫ్నిట్జ్ ఊరిలో ఏకంగా గ్రానైటుతో గోల్ఫ్ శిల్పాన్నే నిలబెట్టారు. 2024లో ఫోక్స్‌వ్యాగనే వోల్ఫ్స్‌బర్గ్‌లో ఇలాంటి వేడుక జరిపింది. ఈ పాత కార్లను పట్టుకుని ఉండేవాళ్లు పని తెలిసినవాళ్లు. 205 వెనక యాక్సిల్ బేరింగులు అరిగితే ఎలా మార్చాలో, గోల్ఫ్ ఇంజెక్షన్ మొరాయిస్తే ఎక్కడ చెయ్యి పెట్టాలో వాళ్లకు కంఠతా. చేత్తో విప్పి చేత్తో బిగించగల చివరి తరం యంత్రాలని వాళ్ల ప్రేమ.

2025లో పెజో ఎలక్ట్రిక్ ఈ-208 జీటీఐని చూపించింది. బలం 280 హార్స్‌పవర్, బరువు దాదాపు 1,600 కిలోలు. సరళ రేఖలో పాత 205 దాని దరిదాపులకు రాదు. ఆ బరువు మలుపుల్లో ఏం చేస్తుందన్నదే పాత యజమానుల సందేహం, అది న్యాయమైన సందేహమే. వాళ్లలో వాళ్లకు మరో తగువు ఎలాగూ ఉంది. 205ల్లో ఎగిరి గంతేసే తొలి 1.6 లీటర్ల రకం మంచిదా, బలంగా లాగే 1.9 మంచిదా? ఆ పంచాయతీ మొదలై దాదాపు నలభై ఏళ్లయింది, రెండు పక్షాల్లో ఏ ఒక్కటీ వెనక్కి తగ్గలేదు.