తిన్నని విద్యుత్తు కొఱకు

1920 తరువాతి యేండ్లలో అమెరికాలోని ఔత్సాహిక రేడియోకారుల గదులలో ఊరగాయ జాడీలవంటి గాజుపాత్రలు బారులుగా నుండెడివి. ఒక్కొక్కదానిలో వెలిగారపు నీరు. అందొక అల్యూమినియపు రేకు, ఒక సీసపు రేకు. అల్యూమినియముపై నేర్పడు పొర విద్యుత్తును ఒకే దిక్కునకుఁ బోనిచ్చును. వీధితీగెలలోని ఏకాంతర ప్రవాహ మిట్లు ఏకముఖమయ్యెడిది. అది తిన్నగా లేనిచో ప్రసారధ్వని బొంగురువోవును. జాడీలు కాఁగును, పొంగును; ఇంటివారెట్లు సహించిరో! పిమ్మటఁ బాదరసపుటావిరి గల 866 వాల్వు వానిని వెడలఁగొట్టెను. ఆనాఁడు కావలసినది వేయి వోల్టులు, ఆంపియరులోఁ గొలఁది భాగము. చేయి తగిలినచోఁ బ్రాణమే పోవచ్చును.

ట్రాన్సిస్టరులతో లెక్క తలక్రిందయ్యెను. నేఁటి నూఱు వాట్ల ప్రసారయంత్రమునకుఁ గారు బ్యాటరీకి సరిపడు 13.8 వోల్టులు చాలును. కాని సుమారు 20 ఆంపియరులు కావలెను. మన యిండ్ల సరఫరాను ఏకముఖము చేసినచో సెకనుకు నూఱు అలలై వచ్చును. రెండలల నడుమ 2 వోల్టులకు మించి తగ్గకుండుటకుఁ గెపాసిటరు ఇంచుమించు లక్ష మైక్రోఫారడు లుండవలెను.

ఇప్పుడు భయము వేఱు. వ్రేలియుంగరము రెండు కొనలకుఁ దగిలినచోఁ క్షణములోఁ గాలి యెఱ్ఱనగును. వోల్టేజిని నిలుపు ట్రాన్సిస్టరు లోపల చెడి దారి విడిచినచో, 20కిఁ బైఁబడిన వోల్టులు యంత్రముపైఁ బడును. అందుచే బయటి తీగెల నడుమ నొక థైరిస్టరు నుంతురు. వోల్టేజి మీఱినంతనే యది రెండు తీగెలను గలిపివైచి ఫ్యూజును గాల్చును. దానికి క్రోబారు, అనఁగా గడ్డపాఱ, యని పేరు.