గట్టు మీద బేరం, తెర మీద బేరం

నెల్లూరు వైపు కోట, వాకాడు మండలాల్లో రొయ్యల గుంటల పద్దులు రాసి బతికినవాణ్ణి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఊపులో ఉన్నప్పుడు బేరమంతా గట్టు మీదే. విసురువలతో పట్టిన రొయ్యల్ని కిలో తూచి, రైతూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని లెక్కపెట్టేవాళ్ళు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ పెద్దది. ఇందులో ఒకరినొకరు నమ్మాల్సిన పనే లేదు.

1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. రొయ్యలు నీరసించి గట్టువారకు చేరాయంటే వారం పది రోజుల్లో గుంట ఖాళీ. ఆ సంగతి దళారికీ తెలుసు. "లారీ కదిలిపోతావుంది, ఇస్తావా లేదా?" అనేవాడు. కౌంటు చూసే తీరిక లేక, అడిగిన రేటుకే తలూపిన రైతుల పద్దులు నా చేత్తో రాశాను. వైరస్ కన్నా ఆ తొందరే ఎక్కువ ముంచిందని నాకిప్పటికీ అనుమానం.

ఇప్పుడు కాలం మారింది. సరుకు అమెరికా దాకా పోతోంది, కొనేవాడు మాత్రం గట్టు మీదికి రాడు. మొదట ఫ్యాక్సు, తర్వాత ఈమెయిలు, కరోనా నాటి నుంచి వీడియో మీటింగు.

తెర మీద ముఖాన్ని నమ్మితే ఏమవుతుందో చూడండి. హాంకాంగ్‌లో అరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగికి ఒక ఈమెయిలు మీద అనుమానం వచ్చింది. వీడియో మీటింగులో పై అధికారి, తోటివాళ్ళు కనబడేసరికి ఆ అనుమానం తీరిపోయింది. 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. మన లెక్కలో 200 కోట్ల రూపాయల పైమాటే. ఆ ముఖాలన్నీ కంప్యూటర్ అల్లినవని 2024 మొదట్లో లోకానికి తెలిసింది.

ఎగుమతి ఆఫీసులో లెక్కలు చూసే మా మేనల్లుడికి నేను చెప్పింది ఒక్కటే. మీటింగులో ఎవరైనా "బ్యాంకు ఖాతా మారింది, ఈ రోజే పంపాలి" అంటే, మీటింగు ముగించి పాత బిల్లు మీదున్న నంబరుకి నువ్వే ఫోన్ చెయ్యి. వాళ్ళు చాట్‌లో పెట్టిన నంబరుకి కాదు. ఇంకొకరి సంతకం లేకుండా పైసా కదలనీయకు.

"పార్టీకి కోపమొస్తుందేమో మామా," అన్నాడు. ఎదురుగా కూర్చుని రొయ్యలు లెక్కపెట్టినప్పుడు ఎవరికీ రాలేదురా అన్నాను. ఒకవేళ డబ్బు పోతే పరువు చూసుకోకుండా అప్పటికప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమన్నాను. తెల్లారేదాకా ఆగితే ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారుతుందో ఎవరూ చెప్పలేరు.