హోమ్ రన్ బలం లేని విజయాలు: బేస్‌బాల్ చరిత్రలో మూడు ఉదాహరణల పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా వృత్తి బేస్‌బాల్ చరిత్రలో హోమ్ రన్లు అతి తక్కువగా కొట్టిన కొన్ని జట్లు ఛాంపియన్లుగా నిలిచాయి. పరుగుల వేగం, చతురత వల్లనే ఆ విజయాలు సాధ్యమయ్యాయన్న వివరణ క్రీడాభిమానుల్లో స్థిరపడింది. 1906, 1965, 1982 సంవత్సరాల విజేతజట్ల గణాంకాల ఆధారంగా ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బేస్‌బాల్, హోమ్ రన్, వరల్డ్ సిరీస్, పిచింగ్, ఫీల్డింగ్, గణాంకాలు.

1. ఉపోద్ఘాతం:
బేస్‌బాల్‌లో ఆటగాడు మూడు బేస్‌లు దాటి హోమ్ ప్లేట్‌కు తిరిగి చేరుకుంటే ఒక పరుగు లభిస్తుంది. బంతిని సరిహద్దు గోడ అవతలికి కొడితే అది హోమ్ రన్. క్రికెట్‌లో సిక్సర్ విలువ ఎప్పుడూ ఆరే. హోమ్ రన్ విలువ మాత్రం అప్పటికే బేస్‌ల మీద ఉన్నవారి సంఖ్యను బట్టి ఒకటి నుంచి నాలుగు పరుగుల వరకు ఉంటుంది. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఒక జట్టు చేతిలో ఉండేవి 27 ఔట్లు మాత్రమే. వాటిలో ఒక్కటీ ఖర్చుకాకుండా పరుగులు తెచ్చిపెట్టడం హోమ్ రన్ ప్రత్యేకత. అటువంటి ఆయుధం అంతగా లేని జట్లు ఎలా గెలిచాయన్నది ఇక్కడి ప్రశ్న.

2. రూత్‌కు పూర్వం - 1906:
1919 వరకు సాగిన కాలాన్ని క్రీడాచరిత్రకారులు ‘డెడ్ బాల్’ యుగమని వ్యవహరిస్తారు. నలిగి, నల్లబడిన బంతితోనే ఆట కొనసాగేది. 1911లో అమెరికన్ లీగ్‌లో అత్యధిక హోమ్ రన్లు కొట్టిన ఫ్రాంక్ బేకర్ సాధించినవి 11 మాత్రమే. కాబట్టి 1906లో షికాగో వైట్ సాక్స్ జట్టు మొత్తం మీద పది హోమ్ రన్లైనా కొట్టకపోవడం నేడు అనిపించినంత వింత కాదు. అసలు వింత వేరొకటి. బ్యాటింగ్ సగటులో (.230) లీగ్‌లో అట్టడుగున ఉన్న ఆ జట్టు, ఆ ఏడాది 116 మ్యాచ్‌లు గెలిచిన షికాగో కబ్స్‌ను వరల్డ్ సిరీస్‌లో 4-2 తేడాతో ఓడించింది. ఆ సిరీస్‌లో ఇరుజట్లలో ఎవరూ ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. వైట్ సాక్స్ ఆ సీజన్‌లో చేసిన పరుగులు 570, ప్రత్యర్థులకు ఇచ్చినవి 460. ‘హిట్లు లేని అద్భుతం’ అన్న ప్రసిద్ధి వెనుక ఉన్నది ఈ 110 పరుగుల వ్యత్యాసమే.

3. రూత్ తెచ్చిన మార్పు:
బేబ్ రూత్ 1919లో 29, న్యూయార్క్ యాంకీస్‌కు మారిన తరువాత 1920లో 54 హోమ్ రన్లు కొట్టాడు. 1920లో రెండవ స్థానంలో నిలిచిన జార్జ్ సిస్లర్ కొట్టినవి 19. ఆ సీజన్‌కు ముందే బంతికి ఉమ్మి రాసి విసరడంపై ఆంక్షలు వచ్చాయి. ఆగస్టులో బంతి తలకు తగిలి రే చాప్‌మన్ మరణించడంతో మాసిన బంతులను తరచుగా మార్చడం మరింత పెరిగింది. హోమ్ రన్ అప్పటి నుంచి యాదృచ్ఛిక ఘటనగా కాక వ్యూహంగా పరిగణన పొందింది. కనుక హోమ్ రన్ లేని విజయాన్ని ఆ వ్యూహానికి ప్రత్యామ్నాయంగా చర్చించాలంటే 1920 తరువాతి ఉదాహరణలే కావాలి.

4. 1965, 1982:
1965లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 78 హోమ్ రన్లతో నేషనల్ లీగ్‌లో చివరిస్థానంలో ఉండి కూడా వరల్డ్ సిరీస్ గెలిచింది. మోరీ విల్స్ చేసిన 94 స్టీల్స్ ఆ జట్టుకు వేగానికి ప్రతీకగా పేరు తెచ్చాయి. (పిచర్ బంతి విసిరే అదనులో తదుపరి బేస్‌కు దూసుకుపోవడమే స్టీల్.) కాని ఆ జట్టు చేసిన పరుగులు 608, ఇచ్చినవి 521. సాండీ కోఫాక్స్ 382 మందిని స్ట్రైకౌట్ చేసి 26 మ్యాచ్‌లు గెలిపించాడు. నిర్ణాయకమైన ఏడవ మ్యాచ్‌ను డాడ్జర్స్ 2-0తో గెలుచుకుంది. ఆ మ్యాచ్‌లో ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వనివాడు కోఫాక్స్. మొదటి పరుగు మాత్రం లూ జాన్సన్ హోమ్ రన్ వల్లనే వచ్చింది.

1982 ఫైనల్‌లో రెండు పద్ధతులు ముఖాముఖి తలపడ్డాయి. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 67 హోమ్ రన్లతో మేజర్ లీగ్స్‌లో చివరిది. మిల్వాకీ బ్రూవర్స్ 216తో మొదటిది. ఏడు మ్యాచ్‌ల పోరులో కార్డినల్స్ నెగ్గింది. మేనేజర్ వైటీ హెర్జాగ్ విశాలమైన, కృత్రిమ పచ్చికతో కూడిన తన మైదానానికి తగినట్లు వేగవంతులను ఎంపిక చేసుకున్నాడు. జట్టు 200 స్టీల్స్ చేసింది.

5. వేగం విలువ ఎంత?:
జాన్ థార్న్, పీట్ పామర్ 1984లో వెలువరించిన గ్రంథంలో ప్రతి చర్యకూ సగటు పరుగుల విలువ కట్టారు. హోమ్ రన్‌కు సుమారు 1.4, స్టీల్‌కు 0.3, స్టీల్ చేయబోయి ఔటైతే 0.6 నష్టం. కార్డినల్స్ ఆటగాళ్లు ఆ ప్రయత్నంలో సుమారు 90 సార్లు ఔటయ్యారు. 200 స్టీల్స్ వల్ల వచ్చిన లాభం 60 పరుగులు కాగా నష్టం 54. నికరంగా మిగిలింది ఆరు పరుగులు! ఒక సీజన్‌ను మలుపు తిప్పడానికి ఇది చాలదు. ఆ జట్టు ప్రత్యర్థులకు ఇచ్చిన పరుగులు 609 కాగా, బ్రూవర్స్ ఇచ్చినవి 717. వేగం కార్డినల్స్‌కు మేలు చేయలేదని దీని అర్థం కాదు. ఆ వేగం ఎక్కువగా ఫలించింది బేస్‌ల మధ్య కాదు, బంతిని వెంటాడే ఫీల్డింగ్‌లో. ఓజీ స్మిత్ కొట్టిన హిట్ల కంటే ఆపిన బంతులే అతన్ని చిరస్మరణీయుణ్ణి చేశాయి.

6. విపర్యయ సాక్ష్యం:
2019లో మినెసోటా ట్విన్స్ 307 హోమ్ రన్లతో రికార్డు సృష్టించి, ప్లేఆఫ్స్ తొలి సిరీస్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా వైదొలగింది. 2023లో ఆ రికార్డును సమం చేసిన అట్లాంటా బ్రేవ్స్ కూడా తాను ఆడిన మొదటి సిరీస్‌లోనే ఓడింది. వీటిని బట్టి హోమ్ రన్ నిరుపయోగమనడం తొందరపాటే అవుతుంది. ఆ జట్లు సీజన్‌లో వరుసగా 101, 104 మ్యాచ్‌లు గెలిచాయి. కొద్ది మ్యాచ్‌ల సిరీస్‌లో అదృష్టానికి చోటెక్కువ. ఈ న్యాయం రెండువైపులా వర్తించాలి. 2019 ఓటమి హోమ్ రన్‌కు వ్యతిరేక సాక్ష్యం కాకపోతే, 1982 గెలుపు ఒక్కటే వేగానికి అనుకూల సాక్ష్యం కాజాలదు.

7. ముగింపు:
• విజయానికి హోమ్ రన్ బలం అనివార్యం కాదు. అనివార్యమైనది చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ మధ్య వ్యత్యాసం.
• హోమ్ రన్లు కొరవడిన మూడు విజేతజట్లూ ఆ లోటును ప్రధానంగా పిచింగ్, ఫీల్డింగ్‌లతో పూడ్చుకున్నాయి. వేగం సహాయకారి మాత్రమే.
• కనిపించే సాహసం కథగా నిలుస్తుంది. రాకుండా ఆపిన పరుగు ఎవరి జ్ఞాపకంలోనూ మిగలదు. జరగకుండా నిలువరించిన వాటిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే చరిత్రరచన సమగ్రమవుతుందని ఈ పరిశీలన సూచిస్తుంది.