ఇటుక పొడి, పుట్టమన్ను

హాంగ్‌జౌలో మా అబ్బాయి వాళ్ళ దగ్గర నెల్లాళ్ళు ఉండి వచ్చాం. మేము వెళ్ళింది ఊరు చూడడానికి కాదు. మా కోడలికి మూడో నెలలో కడుపు పోయింది. ఫోన్‌లో "బానే ఉన్నాను అత్తయ్యా" అంటోంది కానీ ఆ గొంతు విని ఇక్కడ కూర్చోలేకపోయాను. (తనని అడిగే ఇది రాస్తున్నాను.)

వెళ్ళిన రెండో వారం, ఇంట్లో ఎంతసేపని కూర్చుంటాంలే అని, వెస్ట్ లేక్ ఒడ్డునున్న లేఫెంగ్ గోపురానికి బయల్దేరాం. గుట్ట మీదకి ఎస్కలేటర్ ఉంది. గుడి మెట్లు ఎక్కాలేమో అని మోకాళ్ళకి పట్టీలు వేసుకుని సిద్ధమైన మావారికి అది చూసి నిరాశే కలిగింది.

దూరం నుంచి పాతదానిలా కనిపిస్తుంది కానీ ఇప్పుడున్నది 2002లో కట్టినది. అసలు గోపురం 10వ శతాబ్దంలో వూయువె అనే చిన్న రాజ్యాన్ని ఏలిన చియెన్ చూ కట్టించాడు. బుద్ధుడి కేశాన్ని భద్రపరచడానికి కట్టించాడట. ఇటుకల్లో కొన్నిటికి రంధ్రాలు చేసి, వాటిలో అచ్చువేసిన బౌద్ధ మంత్రాల కాగితం చుట్టలు పెట్టించాడు. వాటి మీద 975 నాటి తేదీ ఉంది. అచ్చుయంత్రం అంటే యూరప్ అని చదువుకున్న మనం, అంతకు ఐదువందల ఏళ్ళ ముందే చెక్క అచ్చులతో ఇంత పని జరిగిందని తెలిసి కాస్త సిగ్గుపడాలి. ఆ తర్వాత మూడేళ్ళకే, 978లో, చియెన్ చూ యుద్ధం లేకుండా తన రాజ్యాన్ని సోంగ్ చక్రవర్తికి అప్పగించేశాడు. రాజ్యం పోయింది కానీ గోపురం నిలిచింది. 16వ శతాబ్దంలో సముద్రపు దొంగలు నిప్పుపెడితే చెక్క చూరులన్నీ కాలిపోయి, ఇటుక మొండెం మాత్రం మిగిలింది.

ఆ మొండెం కింద ఒక ఆడదాన్ని పాతిపెట్టారని చైనాలో పిల్లలకి కూడా తెలుసు. బై సుజెన్ అనే తెల్లపాము మనిషి రూపంలో వచ్చి, ఈ సరస్సు మీది వంతెన దగ్గర వానలో గొడుగు ఇచ్చిన షూ షియెన్‌ని పెళ్ళాడుతుంది. మొగుడూ పెళ్ళాలు మందుల కొట్టు పెట్టుకుంటారు. ఫాహాయ్ అనే సన్యాసి మొగుడికి అనుమానం ఎక్కిస్తాడు. చివరికి ఆమె బిడ్డని కన్నాక ఆమెని గోపురం కింద బంధిస్తాడు. 1624లో ఫెంగ్ మెంగ్‌లుంగ్ అచ్చువేసిన కథలో ఆమె భయపెట్టే పామే. తర్వాత నాటకాలు ఆడినవాళ్ళూ ఇళ్ళలో చెప్పుకున్నవాళ్ళూ ఆమెని మంచి ఇల్లాలిని చేసేశారు. కథ ఆడవాళ్ళ నోళ్ళలో పడితే అంతే మరి!

లూ షున్ అనే గొప్ప రచయితకి చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఈ కథ చెప్పిందట. ఆ గోపురం ఎప్పుడు కూలుతుందా అని ఎదురుచూసేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు. ఫాహాయ్ భయపడి పీత డిప్పలో దాక్కున్నాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పీతని ఉడికించి డిప్ప తీసి, లోపలి పొరని జాగ్రత్తగా తిరగేస్తే కూర్చున్న సన్యాసిలా కనిపిస్తుందట. మా అబ్బాయి వండి చూపిస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

1924 సెప్టెంబర్ 25న గోపురం నిజంగానే కూలిపోయింది. పిడుగు పడలేదు, భూకంపం రాలేదు. జనం ఇటుకలు పీక్కుపోయి పీక్కుపోయి అడుగు బలహీనపడింది.

దేనికి పీక్కుపోయారంటే, ఆ ఇటుక పొడి రోగాలు తగ్గిస్తుందని, గర్భం నిలబెడుతుందని. ఇంగ్లీషు బోర్డు మీద చదివి మా అబ్బాయి గబుక్కున ఆపేశాడు. కానీ కోడలు అప్పటికే చదివేసింది.

కొత్త గోపురం అడుగున పాత ఇటుకల గుట్టని అద్దాల వెనక అలాగే ఉంచారు. దాని మీద జనం విసిరిన నాణేలు, నోట్లు. 2001లో దాని కింద తవ్వితే, ఇనప పెట్టెలో, బంగారు పూత వేసిన వెండి స్తూపం దొరికింది. దాన్ని అశోక స్తూపం అంటారు. అశోకుడు 84,000 స్తూపాలు కట్టించాడన్న మన కథ అంత దూరం నడిచి వెళ్ళింది. మావారు అది విని పొంగిపోయి ఫోటోల మీద ఫోటోలు తీస్తున్నారు. కోడలు మాత్రం ఆ ఇటుకల వంకే చూస్తూ నిలబడిపోయింది.

"ఎంతమంది తీసుకెళ్ళి ఉంటారు అత్తయ్యా, ఇంత పెద్ద గోపురం పడిపోయిందంటే?" అంది.

నాకూ మొదటి కడుపు నిలవలేదు. ఆ సంగతి మా అబ్బాయికి కూడా తెలియదు. రెండోసారి మా అత్తగారు నాగులచవితినాడు పుట్టమన్ను తెచ్చి, గుడ్డలో మూటకట్టి నా తలగడ కింద పెట్టారు. ఆవిడ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. తొమ్మిది నెలలూ దుప్పటి మార్చినప్పుడల్లా ఆ మూట తీసి మళ్ళీ పెట్టేదాన్ని. డిగ్రీ చదివినదాన్ని, అందులో ఏమీ లేదని తెలుసు. అయినా తీసి పారెయ్యలేదు.

అదంతా అక్కడే, అద్దం ముందు నిలబడి చెప్పాను. కోడలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీకు ఎన్నో నెల?" అంది.

"నాలుగు."

పైనుంచి సరస్సు చాలా బాగుంటుందని, సూర్యాస్తమయం చూసి తీరాలని మావారు లిఫ్ట్ దగ్గర నిలబడి పిలుస్తున్నారు. మమ్మల్ని కాసేపు ఆగనివ్వమని, ఆయన్ని వెళ్ళమని చెప్పాను. ఇద్దరం అక్కడున్న బల్ల మీద కూర్చున్నాం. తను తన మూడు నెలల సంగతీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.