ఉల్బ పొర నిల్వ పద్ధతులు (అశ్వవైద్యం)

గర్భంలోని పిల్లను, దాని చుట్టూ ఉండే ఉమ్మనీటిని ఆవరించి ఉన్న పలుచని పొరను ఉల్బం లేదా ఉల్బ పొర అంటారు. వాడుకలో దీనిని ఉమ్మనీటి సంచి అంటారు. పశువులు ఈనిన తరువాత బయటపడే పొరలన్నింటినీ కలిపి మాయ అని వ్యవహరిస్తారు. సాధారణంగా పారవేసే ఈ పొరను సేకరించి, శుభ్రపరచి, గుర్రాల కంటి పుండ్లకు, కాలి గాయాలకు చికిత్సలో ఉపయోగిస్తారు. సేకరించిన నాటి నుండి వాడే నాటి వరకు పొర కుళ్ళకుండా, దాని గుణం నశించకుండా కాపాడే విధానాలే ఉల్బ పొర నిల్వ పద్ధతులు. తాజాగా చల్లబరచి ఉంచడం, ఘనీభవింపజేయడం, గ్లిజరాల్‌లో ఉంచడం, ఎండబెట్టడం అనేవి వీటిలో ముఖ్యమైనవి.

నిర్మాణం, ఉపయోగం

ఉల్బ పొరలో ఉపకళా కణాల వరుస, దాని కింద ఆధార త్వచం, ఆ కింద కొల్లాజెన్‌తో కూడిన సంయోజక కణజాలం ఉంటాయి. మానవ ఉల్బ పొరలో రక్తనాళాలు ఉండవు. గుర్రాలలో, పశువులలో ఉల్బం వెలుపలి వైపు అళిందంతో అతుక్కొని ఉండటం వలన దానిలో రక్తనాళాలు కనిపిస్తాయి.

గుర్రం కంటి శుక్లపటలానికి (కార్నియాకు) గాయమై సూక్ష్మజీవులు చేరినపుడు, ప్రోటీన్లను కరిగించే ఎంజైములు పెరిగి శుక్లపటలం మైనంలా కరిగిపోవచ్చు. సకాలంలో చికిత్స అందకపోతే కన్ను పోతుంది. ఉల్బ పొరలో ఈ ఎంజైములను అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి. అంతేకాక కొత్త కణాలు పాకడానికి ఆధార త్వచం తోడ్పడుతుంది. మోకాలి కింది భాగంలో చర్మం బిగుతుగా, కండ తక్కువగా ఉండటం వలన గుర్రాల కాలి గాయాలు ఆలస్యంగా మానుతాయి. అటువంటి గాయాలపై దీనిని కట్టుగా వేస్తారు.

చరిత్ర

1910లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన డేవిస్ చర్మపు అతుకులకు పిండ పొరలను వాడిన విషయాన్ని ప్రకటించాడు. 1940లో డి రాత్ వీటిని కంటి శస్త్రచికిత్సలో వాడాడు. 1995లో కిమ్, సెంగ్ అనే వైద్యులు నిల్వచేసిన మానవ ఉల్బ పొరను కుందేళ్ళ కళ్ళపై ప్రయోగించి ఫలితాలు ప్రచురించిన తరువాత ఈ చికిత్స మళ్ళీ వ్యాప్తిలోకి వచ్చింది. 2005లో అమెరికా పశువైద్యులు మూడు గుర్రాల కంటి పుండ్లకు గుర్రపు ఉల్బ పొరను అతికించిన వివరాలు ప్రచురించారు.

తెలుగునాట ఉల్బ పొర వాడకం ప్రధానంగా మానవ నేత్రవైద్యంలో కనిపిస్తుంది. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డా. గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇందులో ప్రసిద్ధమైనది. ఆరోగ్యవంతమైన కంటి అంచు నుండి తీసిన చిన్న ముక్కలను ఉల్బ పొరపై పేర్చి, దెబ్బతిన్న కంటిని బాగుచేసే ఒక సులభ పద్ధతిని ఈ సంస్థ వైద్యులు 2012లో ప్రచురించారు.

సేకరణ, పరీక్షలు

నిల్వ పద్ధతి ఏదైనా దాత ఎంపికే మొదటి మెట్టు. శస్త్రచికిత్స ద్వారా పిల్లను తీసినపుడు లభించే పొరలో పేడ, మట్టి, గడ్డి తగలవు కనుక దానిని మేలైనదిగా భావిస్తారు. సహజంగా ఈనినపుడు మాయ నేలను తాకక ముందే పట్టుకోవాలి. దాత గుర్రానికి అశ్వ హెర్పిస్ వైరస్, అశ్వ సాంక్రమిక రక్తహీనత, గ్లాండర్స్ వంటి వ్యాధులు లేవని నిర్ధారించుకోవాలి. ఈడ్చుకుపోయిన గర్భం నుండి గాని, రంగు మారిన లేదా దుర్వాసన గల మాయ నుండి గాని పొర తీయరాదు.

సేకరించిన పొరను ఉప్పు ద్రావణంతో పలుమార్లు కడిగి, రక్తపు గడ్డలను తొలగించి, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, నియోమైసిన్, ఆంఫోటెరిసిన్-బి వంటి మందులు కలిపిన ద్రావణంలో ఉంచుతారు. తరువాత నైట్రోసెల్యులోజ్ కాగితంపై పరచి తగిన కొలతలకు కత్తిరిస్తారు.

నిల్వ పద్ధతులు

తాజా నిల్వ: పొరను మందులు కలిపిన ద్రావణంలో 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి ఒకటి రెండు రోజులలో వాడతారు. కణాలు, పోషక ప్రోటీన్లు ఎక్కువగా నిలిచేది ఈ పద్ధతిలోనే. అయితే వ్యాధి పరీక్షల ఫలితాలు వచ్చేలోగా గడువు ముగియవచ్చు. ఇదే దీని ప్రధాన లోపం.

ఘనీభవన నిల్వ: కణ పోషక ద్రవం, గ్లిజరాల్ సమపాళ్ళలో కలిపిన ద్రావణంలో పొరను ఉంచి -80 డిగ్రీల వద్ద నెలల తరబడి నిల్వచేస్తారు. పరీక్షలన్నీ పూర్తయ్యాకనే పొరను విడుదల చేయవచ్చు. ఈ విధంగా నిల్వచేసిన పొరలోని కణాలు చాలావరకు మరణిస్తాయి. కనుక ఇది సజీవ కణాల మార్పిడి కాదు. ఆధార త్వచం, దానిలో మిగిలిన ప్రోటీన్లే పనిచేస్తాయి. ఒకసారి కరిగిన పొరను తిరిగి ఘనీభవింపజేయరాదు.

గ్లిజరాల్ నిల్వ: గాఢ గ్లిజరాల్ (85 నుండి 98 శాతం) పొరలోని నీటిని లాగివేస్తుంది. నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. సాధారణ రిఫ్రిజిరేటరు సరిపోతుంది. వాడే ముందు పొరను ఉప్పు ద్రావణంలో బాగా కడిగి గ్లిజరాల్‌ను పూర్తిగా తొలగించాలి.

ఎండబెట్టిన నిల్వ: పొరను ముందు ఘనీభవింపజేసి, శూన్యంలో మంచును నేరుగా ఆవిరిగా మార్చి తొలగిస్తారు. తరువాత గాలి చొరని సంచిలో మూసి, సుమారు 25 కిలోగ్రేల గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. ముంబయి టాటా స్మారక ఆసుపత్రిలో 1988లో ఏర్పడిన కణజాల బ్యాంకు మానవ ఉల్బ పొరను ఈ విధంగా తయారుచేసింది. గది ఉష్ణోగ్రత వద్ద ఎక్కువ కాలం నిలవడం దీని సౌలభ్యం. ఎండినపుడు కొన్ని పెరుగుదల కారకాలు తగ్గుతాయి, కిరణాల మోతాదు మించితే కొల్లాజెన్ బలహీనపడుతుంది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో అన్వయం

ఈ ప్రాంతంలో గుర్రాల సంఖ్య స్వల్పం. జట్కా బండ్లు దాదాపు కనుమరుగైనవి, పెళ్ళి ఊరేగింపులకు కొన్ని గుర్రాలను పోషిస్తున్నారు. అయినా పత్తి మోళ్ళు, ముళ్ళ కంపలు గుచ్చుకొని ఎద్దులకు, గేదెలకు కంటి గాయాలు కావడం, కంటిలో పువ్వు వేయడం రైతులకు తెలిసిన విషయమే. మొక్కల భాగాలు తగిలిన కంటిలో శిలీంధ్రాలు చేరే ప్రమాదం ఉంది. 2002లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ప్రచురించిన పదేళ్ళ పరిశీలనలో 1352 మంది మనుషుల కంటి శిలీంధ్ర పుండ్లను పరిశీలించగా ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ జాతులు ప్రధానంగా కనిపించాయి. గుర్రాల కంటి పుండ్లలోనూ ఈ జాతులే ముఖ్యమైనవి.

పద్ధతిని ఎంచుకునేటపుడు స్థానిక వసతులను గమనించాలి. రెంటచింతల వంటి చోట్ల వేసవి ఎండ తీవ్రం. గుంటూరు మిర్చి శీతల గిడ్డంగుల చల్లదనం రిఫ్రిజిరేటరు స్థాయిదే గాని -80 డిగ్రీలకు సాటిరాదు. ఒంగోలు జాతి ఎద్దుల వీర్యం కొరకు పశువైద్యశాలల్లో -196 డిగ్రీల ద్రవ నత్రజని పాత్రలు ఉంటాయి. అయితే అవి సన్నని వీర్యపు గొట్టాల కొరకు ఉద్దేశించినవి. ద్రవ నత్రజని ద్వారా సూక్ష్మజీవులు ఒక నమూనా నుండి మరొకదానికి చేరే అవకాశం ఉన్నందున వాటిలో కణజాలం ఉంచరాదు. ఈ కారణాల వలన గ్రామీణ వైద్యశాలకు గ్లిజరాల్ నిల్వ లేదా ఎండబెట్టిన పొర అనుకూలమైనవి.

పశువు మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కడితే పాలు పెరుగుతాయనే నమ్మకం పల్లెల్లో ఉంది. ఈసుకుపోయే వ్యాధి (బ్రూసెల్లోసిస్) సోకిన పశువు మాయలో ఆ క్రిములు అధికంగా ఉండి మనుషులకూ సోకుతాయి. కావున మాయను వట్టి చేతులతో తాకక, సున్నం వేసి లోతుగా పూడ్చిపెట్టాలి. ఈ వ్యాధి నివారణకు 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద 4 నుండి 8 నెలల పెయ్యలకు టీకాలు వేస్తున్నారు. పరీక్షించని పశువు నుండి తీసిన పొరను ఏ పద్ధతిలో నిల్వచేసినా అది చికిత్సకు తగదు.

పరిమితులు

గుర్రాల స్నాయువులు, కీళ్ళ కొరకు ఉల్బ పొర పొడిని, ద్రవాన్ని కూడా కొన్ని దేశాలలో విక్రయిస్తున్నారు. కంటి పుండ్ల విషయంలో ఉన్నంత అనుభవం వీటి విషయంలో లేదు. నిల్వ పద్ధతి మారితే పొరలోని పదార్థాలూ మారతాయి కనుక తాజా పొరతో వచ్చిన ఫలితాన్ని ఎండిన పొరకు ఆపాదించలేము. కంటి పుండుకు ఉల్బ పొర తోడుమందు మాత్రమే. సూక్ష్మజీవులను చంపే మందులు యథావిధిగా వాడవలసినదే.

ఇవి కూడా చూడండి

ఒంగోలు జాతి పశువులు
శుక్లపటలం
బ్రూసెల్లోసిస్
ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ