రెండు డాబాల మధ్య రేడియో వంతెన

రెండు భవనాల్లోని కంప్యూటర్ నెట్‌వర్కులను కేబుల్ లేకుండా రేడియో తరంగాలతో కలిపే పరికరాల జతను వైర్‌లెస్ బ్రిడ్జి అంటారు. ఈ పని సాధ్యమని 1971లోనే రుజువైంది. ఆ ఏడాది హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం మొదలుపెట్టిన అలోహానెట్, వేర్వేరు దీవుల్లోని క్యాంపస్‌లను హొనలూలూలోని కంప్యూటర్‌తో రేడియో ద్వారా కలిపింది. అయితే ఒక చిన్న బడి, ఒక ఆసుపత్రి సొంతంగా కొనుక్కోగలిగే ధరకు ఇలాంటి బ్రిడ్జి దిగిరావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

ధర తగ్గడానికి దారి తీసినది ముందుగా ఒక ప్రభుత్వ నిబంధన. 1985 మే నెలలో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 900 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ ప్రాంతాల్లో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ (సంకేతాన్ని విశాలమైన పట్టీలో పరిచి పంపే) రేడియోలను లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. 1997లో వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం, 1999లో సెకనుకు 11 మెగాబిట్ల 802.11బి వచ్చాయి. ల్యాప్‌టాప్‌ల కోసం చిప్పులు భారీ సంఖ్యలో తయారై, చౌకయ్యాయి. బ్రిడ్జి అందుబాటులోకి రావడానికి అసలు కారణం ఇదే. దానికోసమని ప్రత్యేకంగా చిప్పు తయారుచేయాల్సిన పని లేకపోయింది. గదిలో వాడే రేడియోకే డిష్ యాంటెన్నా తగిలించి దూరానికి గురిపెట్టారు.

కానీ గది కోసం పుట్టిన వైఫై దూరానికి సులువుగా లొంగలేదు. పంపిన ప్రతి ప్యాకెట్‌కూ ముట్టినట్టు అవతలి నుంచి జవాబు రావాలి. దానికోసం పరికరం ఎదురుచూసేది కొన్ని పదుల మైక్రోసెకన్లే. రేడియో తరంగం ఒక మైక్రోసెకనులో వెళ్లేది 300 మీటర్లు. 15 కి.మీ. లింకులో రానుపోను ప్రయాణానికే 100 మైక్రోసెకన్లు కావాలి. ఆలోపే గడువు దాటితే, ప్యాకెట్ దారిలో పోయిందనుకుని పరికరం మళ్లీ పంపుతుంది. వేగమంతా అలా వృథా అవుతుంది.

ఈ చిక్కును విప్పిన పనిలో పెద్ద భాగం భారతదేశపు పల్లెల్లోనే జరగడం గర్వించదగ్గ విషయం. కాన్పూర్ ఐఐటీ 'డిజిటల్ గంగెటిక్ ప్లెయిన్స్' పేరుతో ఉత్తరప్రదేశ్ గ్రామాల మధ్య దూరపు వైఫై లింకులు వేసింది. ఆ అనుభవంతో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో 2పి అనే పద్ధతిని ప్రకటించారు. ప్రతి ప్యాకెట్‌కూ వెంటనే జవాబు కోసం ఆగకుండా, ఒక టవర్ మీది లింకులన్నీ ఒకేసారి పంపి, తర్వాత ఒకేసారి వినేలా వంతులు వేయడం అందులోని కిటుకు. తమిళనాడులోని తేనిలో బర్క్‌లీ పరిశోధకులు అరవింద్ కంటి ఆసుపత్రిని చుట్టుపక్కల ఊళ్ల నేత్ర కేంద్రాలతో కలిపారు. రోగి తన ఊళ్లోనే కూర్చుని డాక్టరుతో వీడియోలో మాట్లాడగలిగాడు. పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' ప్రాజెక్టు పాఠాలనూ వైద్య సలహానూ ఇదే దారిలో పల్లెలకు చేర్చింది. రేడియో చౌకైనా, చెట్ల మీదుగా చూపు సాగడానికి నిలబెట్టే టవర్‌కే ఎక్కువ ఖర్చవుతుందని ఇలాంటి ప్రయత్నాల్లో తేలింది.

భారత ప్రభుత్వం 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఆరుబయట వాడకానికి కూడా లైసెన్స్ నుంచి తప్పించింది. 2008లో యుబిక్విటీ కంపెనీ నానోస్టేషన్ తెచ్చింది. రేడియో, యాంటెన్నా ఒకే ప్లాస్టిక్ పెట్టెలో ఇమిడిపోయాయి, కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్‌లోనే వచ్చింది, ధర 100 డాలర్ల లోపే. ఆ తర్వాత ఇలాంటి పరికరాల్లో వంతుల పద్ధతీ మామూలైంది. 2018 అక్టోబరులో భారత్ 5 గిగాహెర్ట్జ్ పట్టీల్లో విశాలమైన భాగాన్ని కూడా తెరిచింది.

దాంతో ఎంపిక తేలికైంది. ఊళ్లలో 2.4 గిగాహెర్ట్జ్ ఇళ్ల వైఫైలతో కిక్కిరిసి ఉంటుంది కనుక 5 గిగాహెర్ట్జ్ జతే మేలు. ఎదుటి డాబా కనిపిస్తే చాలదు. 1 కి.మీ. లింకుకు 5.8 గిగాహెర్ట్జ్‌లో మధ్య దారిలో చూపు గీత చుట్టూ సుమారు మూడున్నర మీటర్ల మేర చాలావరకు ఖాళీగా ఉండాలి. మొక్కగా ఉన్నప్పుడు అడ్డురాని చెట్టు కొన్నేళ్లకు లింకును తెంచగలదు. భవనాలు దగ్గరగా ఉండి నేల తవ్వే వీలుంటే మాత్రం ఫైబరే నమ్మకమైనది. పిడుగు పడినప్పుడు రాగి తీగలా అది విద్యుత్తును ఒక భవనం నుంచి మరో భవనానికి మోయదు.