చేతికీ నాదానికీ నడుమ

రేడియో నిలయములో పనిచేయువారికి నాబు అనునది కలము వంటిది. ఒక నాబు త్రిప్పినచో గాయకుని గొంతు దగ్గరకు వచ్చును. మరియొకటి తగ్గించినచో మృదంగము వెనుకకు జరుగును. ఏ నాబు ఏ మైకునకు చెందినదో చేతికే తెలియును; చూపు కాగితముపై నుండి లేవనక్కరలేదు. ఇట్టి అలవాటులో పెరిగిన మా ముందునకు ఒకనాడు ఒక చిన్న పెట్టె వచ్చినది. దానిపై ఎనిమిది నాబులు, ఎనిమిది ఫేడర్లు, కొన్ని బొత్తాములు ఉన్నవి. లోపల తీగ లేదు, గాలితిత్తి లేదు, ధ్వని పుట్టించు సాధన మేదియు లేదు. ఏ నాబుపైనను పేరు లేదు. దానిని మిడి కంట్రోలరు అందురు. కంప్యూటరులోనో, వేరొక వాద్యములోనో పుట్టు ధ్వనిని అది దూరము నుండి నడిపించును. ఆ పేరులేని నాబులలో ఏది దేనిని నడపవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయమును దాచిపెట్టుకొనుటయే ప్రీసెట్ కూర్చుట. పని చూపునకు చిన్నది. దాని వెనుకనున్న చరిత్ర చిన్నది కాదు.

వాద్యమును ముందుగా అమర్చి ఉంచుకొనుట మనకు క్రొత్త సంగతి కాదు. 1550లో రామామాత్యుడు రచించిన ‘స్వరమేళకళానిధి’లో రెండు తీరుల వీణలు కనిపించును. ఏకరాగమేళ వీణలో, ఎత్తుకొన్న రాగమునకు కావలసిన స్వరస్థానములకు మాత్రమే మెట్లు అమర్చుదురు. రాగము మారినచో మెట్లు మార్చవలెను. సర్వరాగమేళ వీణలో అన్ని రాగములకును చాలునట్లు మెట్లు స్థిరముగా ఉండును. తరువాత తంజావూరు రఘునాథ నాయకుని కాలమున 24 మెట్ల వీణ స్థిరపడినదని సంప్రదాయము చెప్పుచున్నది. అవసరమునుబట్టి అమరికను మార్చుకొనుట మేలా, ఒకే అమరికను అన్నిటికిని స్థిరముగా ఉంచుట మేలా? మిడి పెట్టె ముందు కూర్చున్నవానికి నేడు ఎదురగు ప్రశ్నయు ఇదియే.

పాశ్చాత్యుల ఆర్గన్ వాద్యమున ఈ ప్రశ్న మరియొక రూపమున తలయెత్తినది. పెద్ద ఆర్గనుకు పదులకొలది స్టాపులుండును. ఒక్కొక్క స్టాపు లాగినచో ఒక్కొక్క వరుస గొట్టములు పలుకును. రెండు చేతులును మెట్లపై ఉండగా ఈ స్టాపులను లాగునది ఎవరు? 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో హెన్రీ విల్లిస్ 70 స్టాపుల ఆర్గనును నిలిపెను. మెట్ల వరుసలకు నడుమ, బొటనవ్రేలికి అందునట్లు, చిన్న పిస్టన్ బొత్తాములను అమర్చెను. ఒక బొత్తాము నొక్కినచో ఒక స్టాపుల సముదాయము ఒక్కసారిగా కదలును. వాయించువాడు ఒక్క వ్రేలి పనితో వాద్యము స్వభావమునే మార్చగలిగెను. నేటి ప్రీసెట్ బొత్తామునకు ఇది పూర్వీకుడని చెప్పవచ్చును.

విద్యుద్వాద్యముల కాలము వచ్చినప్పుడు ఈ సౌకర్యము కొంతకాలము వెనుకబడినది. 1970లో వెలువడిన మినీమూగ్ సింథసైజరులో ప్రతి నాబును ఒక్క పనికే కట్టుబడి ఉండెను. నాబు ఎచ్చట నిలిచినదో ధ్వనియు అచ్చటనే నిలుచును. చేతికిని నాదమునకును నడుమ మూడవ వస్తువు లేదు. అయితే నేటి నాదమును రేపు మరల రాబట్టవలెనన్నచో నాబుల స్థానములను కాగితముపై గీసికొనవలసి వచ్చెడిది. 1978లో అమెరికాలో డేవ్ స్మిత్ నడిపిన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థ ప్రాఫెట్-5 అను వాద్యమును తెచ్చినది. అందులో మైక్రోప్రాసెసరు నాబుల స్థానములను అంకెలుగా చదివి, 40 అమరికలను జ్ఞాపకముంచుకొనెడిది. సౌకర్యము గొప్పదే. కాని ఒక సూక్ష్మమైన మార్పు అచ్చటనే జరిగినది. ఇక మీదట నాబు ఉన్న స్థానము వేరు, ధ్వని ఉన్న స్థానము వేరు కావచ్చును. కంటికి కనబడు నాబు నిజమే చెప్పుచున్నదను హామీ పోయినది.

ఆ కాలమున ఒక సంస్థ వాద్యము మరియొక సంస్థ వాద్యముతో మాటాడలేకుండెను. 1981లో జపానుకు చెందిన రోలాండ్ సంస్థాపకుడు ఇకుతారో కాకెహాషి ఈ చిక్కును గూర్చి అమెరికా నిర్మాతలతో ప్రస్తావించెను. అదే సంవత్సరమున స్మిత్, చెట్ వుడ్ అను ఇరువురు ఒక ఉమ్మడి పద్ధతిని ప్రతిపాదించు పత్రమును ఇంజనీర్ల సభలో చదివిరి. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని అనహైములో జరిగిన వాద్యప్రదర్శనలో, స్మిత్ సంస్థ ప్రాఫెట్-600 వాద్యమును, రోలాండ్ జూపిటర్-6 వాద్యమును ఒక తీగతో కలిపిరి. ఒకదానిపై మెట్టు నొక్కగా రెండవది పలికినది. ఆ ఏడే మిడి నియమావళి వెలువడినది. దానిని వాడుకొనుటకు ఎవ్వరును రుసుము చెల్లించనక్కరలేదని నిర్మాతలు నిశ్చయించిరి.

మిడి తీగలో ప్రవహించునది ధ్వని కాదు, ఆజ్ఞ. నాబు త్రిప్పినప్పుడు మూడు ముక్కల సందేశము వెడలును: ఇది నాబు సందేశమనియు 16 చానళ్ళలో ఏ చానలుకు చెందినదనియు మొదటి ముక్క తెలుపును; ఏ కంట్రోలు నంబరో రెండవది; దాని విలువ ఎంతో మూడవది. నంబరును, విలువయు 0 నుండి 127 వరకు ఉండవచ్చును. సెకనుకు 31,250 బిట్ల వేగమున ఈ సందేశము చేరుటకు సెకనులో వేయవవంతు కాలము కూడ పట్టదు. కొన్ని నంబర్లకు నియమావళియే పని నిర్ణయించినది. 7 ధ్వని పరిమాణమునకు, 10 కుడియెడమల స్థానమునకు, 64 స్వరమును నిలిపియుంచు కాలిమీటకు చెందినవి. 20 నుండి 31 వరకు, 102 నుండి 119 వరకు ఏ పనికిని కేటాయింపబడక విడువబడినవి. 120 నుండి 127 వరకు గలవి స్వరములన్నిటిని ఒక్కసారిగా ఆపుట మొదలైన ప్రత్యేకాజ్ఞలకు చెందినవి కనుక నాబులకు తగవు.

అదే 1983లో యమహా సంస్థ డి.ఎక్స్.7 అను వాద్యమును విడుదల చేసినది. దానిపై నాబుల వరుస లేదు. బొత్తాములును, విలువలు మార్చుటకు ఒక జారుడు మీటయు మాత్రమే. ధ్వనిని మలచవలెనన్నచో ఒక్కొక్క అంకెను ఎన్నుకొని మార్చవలెను. చేతికి కరవు పట్టినది. తరువాతి సంవత్సరములలో వాద్యమే లేని నాబుల పెట్టెలు పుట్టుకొని వచ్చుటకు ఈ కరవే ఒక కారణము. కంప్యూటరులోనే వాద్యములు వెలసిన పిమ్మట వాటి అవసరము మరింత పెరిగినది. పోయిన నాబులు తిరిగి వచ్చినవి; కాని ఈసారి పేరులేకుండ వచ్చినవి.

ఆ పేర్లు పెట్టు విధానము కష్టమైనది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములో కావలసిన మీటను ఎన్నుకొని, పెట్టెపై ఒక నాబును కొంచెము కదపినచో రెండును జతపడును. పెట్టెలోనే అమరిక చేయవలెనన్నచో ప్రతి నాబునకు చానలు, నంబరు, కనిష్ఠ గరిష్ఠ విలువలు నిర్ణయింపవలెను. బొత్తామైనచో నొక్కినంతసేపే పనిచేయవలెనా, మరల నొక్కువరకు నిలువవలెనా అనునది చెప్పవలెను. పిదప ఆ అమరికకు పేరు పెట్టి భద్రపరుపవలెను. ఇంతవరకు ఏ చేతిపుస్తకమైనను చెప్పును. చేతిపుస్తకము చూచి మేము తృప్తిపడిన ఫలితము మాత్రము ఒక నాటకములో అనుభవమునకు వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆహూతుల సమక్షమున ఒక నాటకమును ప్రత్యక్షముగా ప్రసారము చేసితిమి. మొదటి రంగమునకు ఒక ప్రీసెట్, రెండవ రంగమునకు మరియొకటి సిద్ధపరచుకొంటిమి. మొదటి రంగములో మూడవ ఫేడరు తిరునాళ్ళ సందడి. దానిని పైదాక తెచ్చి అచ్చటనే విడిచితిమి. రెండవ రంగములో అదే ఫేడరు వాన. కంప్యూటరులో వాన సన్నగా కురియుచున్నది. ఫేడరు మాత్రము శిఖరమున ఉన్నది. మరణశయ్యపైనున్న తండ్రి కూతురుతో చివరిమాట చెప్పుచుండగా, వానను రవంత సవరింపదలచి ఫేడరును తాకితిమి. చేయి కదిలినది వెంట్రుకవాసి. వెళ్ళిన విలువ 120కి పైమాట. కుంభవృష్టి విరుచుకొనిపడి తండ్రి మాట దానిలో మునిగిపోయినది. నాటకము ముగిసిన పిదప ఆ వృద్ధనటుడు మమ్ము నిందింపలేదు. “వాన బాగా కురిసింది, నాయనా” అని మాత్రము అని, చేతికర్ర తీసికొని వెడలిపోయెను.

తప్పు యంత్రముది కాదు, మాది. 1978లో నాబును ధ్వనినుండి వేరుచేసిన నాడే ఈ అపాయము పుట్టినది. దానికి విరుగుడులును ఏర్పడియున్నవి. ఫేడరు దాచిన విలువను దాటువరకు దాని ఆజ్ఞను మన్నింపకుండునట్లు ప్రోగ్రామును అమర్చవచ్చును. కొన్ని పెట్టెలలో నాబు ఆగక చుట్టును తిరుగును. అది ‘ఇంత’ అని చెప్పక ‘కొంచెము ఎక్కువ’, ‘కొంచెము తక్కువ’ అని మాత్రమే చెప్పును. మరికొన్నిటిలో ఫేడర్లకు చిన్న మోటార్లుండి, ప్రీసెట్ మారగానే అవి తమంతట తామే సరియైన స్థానమునకు జరుగును. వీనిలో ఏదియు లేకున్నను, వానకు గరిష్ఠ విలువ 60 అని ముందే హద్దు పెట్టియున్నచో ఆ చివరిమాట శ్రోతలకు వినబడియుండెడిది. తండ్రి గొంతు కంటె వాన ఎన్నడును పెద్దది కారాదని నాటకము చదివిన మాకు తెలియును. తెలిసినదానిని అమరికలో వ్రాయకపోవుటయే మా లోపము.

నాటినుండి మేము ప్రీసెట్ కూర్చుటకు ముందు కాగితము తీసికొనుచున్నాము. ఈ రంగమున చేతికి నిజముగా కావలసినవి ఎన్ని? సాధారణముగా నాలుగైదింటికి మించవు. మిగిలిన నాబులను పని లేకుండ విడిచిపెట్టుదుము. గాయకుని గొంతు, వ్యాఖ్యాత గొంతు ఏ ప్రీసెట్లోనైనను ఒకే ఫేడరుపై ఉంచుదుము; రాగమునుబట్టి మారునవి మారనిండు, ఆధారశ్రుతి మాత్రము కదలరాదు.

ఈ చరిత్రలో మరియొక అధ్యాయమును చెప్పి ముగింతుము. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ 1987లో మూతపడినది. దాని ఆస్తులు యమహా చేతికి వెళ్ళినవి. 2015లో యమహా ఆ పేరును స్మిత్‌కు తిరిగి ఇచ్చినది. ఇమ్మని సిఫారసు చేసినవాడు, ఒకనాటి పోటీదారుడైన కాకెహాషి. మిడి కృషికి ఆ ఇరువురు 2013లో గ్రామీ సాంకేతిక పురస్కారము నందుకొనిరి. కాకెహాషి 2017లోను, స్మిత్ 2022లోను కన్నుమూసిరి. సంస్థ పోయినను, మనుష్యులు పోయినను వారి ఒడంబడిక నిలిచినది. అందరి యెదుట వ్రాసి అందరికిని ఇచ్చినది కనుక నిలిచినది. 2020లో వెలువడిన మిడి 2.0 నియమావళి ప్రకారము వాద్యములు తమ లక్షణములను ఒకదానికొకటి తెలుపుకొనగలవు. కాని ఏ మాట క్రింద ఎంత వాన కురియవలెనో అవి తెలుపలేవు.

ప్రీసెట్ ఫైలు ఏదో ఒకనాడు తెరువబడకపోవచ్చును. పెట్టె చేసినవారు ఉండకపోవచ్చును. అందుచేత మా నాటకముల కాగితముల దొంతరలో ప్రతి నాటకమునకు ఒక పుట చేర్చుచున్నాము. దానిపై ఇట్లుండును: “మూడవ ఫేడరు, వాన, ఒకటవ చానలు, 22వ నంబరు, 0 నుండి 60 వరకు, తండ్రి మాట ముగియువరకు తాకరాదు.” మా తరువాత వచ్చువారికి ఏ పెట్టె దొరికినను ఆ ఒక్క పంక్తి చాలును.